పక్షికంటి ఆదాయవ్యయములు

1937వ సంవత్సరమున ఇంగ్లండులోని షెఫీల్డు విశ్వవిద్యాలయమందు హాన్స్ క్రెబ్స్ అను జీవరసాయన శాస్త్రజ్ఞుడు, జీవకణము తనకు లభించిన ఆహారమును ఆమ్లజనితో దహించి శక్తిగా మార్చుకొను క్రమమును మెట్టుమెట్టుగా కనుగొనదలచినపుడు, అందులకై ఆయన ఎన్నుకొన్న పదార్థము పావురపు ఱొమ్ముకండ. గంటల తరబడి ఆకాశమున రెక్కలాడించు పక్షికి ఆ కండయే ఆధారము గనుక, ఆమ్లజనిని వ్యయించు వేగమున దానికి సాటివచ్చు కణజాలములు మిక్కిలి తక్కువ. సన్నగా తఱిగి ద్రవమున వేసిన పిదపను అది కొంతసేపు ఆమ్లజనిని పీల్చుచునే యుండును. ఆ తుంపులనుండి బయల్పడినదే నేడు ఇంటర్మీడియట్ విద్యార్థులు వల్లెవేయు క్రెబ్స్ వలయము. 1953లో ఆయనకు నోబెల్ బహుమానము తెచ్చిపెట్టినదియు అదియే. అయితే షెఫీల్డు ప్రయోగములకు పదేండ్లు ముందుగా, 1927లో, బెర్లిను శివారైన డాలెమ్‌లో ఓటో వార్బుర్గ్ ప్రయోగశాలయందు పనిచేయుచుండిన దినములలో, ఇదే క్రెబ్సు, కంటిలో వెలుతురును గ్రహించు నేత్రపటలమున జరుగు రసాయన వ్యాపారమును గూర్చి చిన్న వ్యాసమొకటి ప్రకటించియుండెను. ఒక్క శాస్త్రజ్ఞుని చేతిమీదుగా ఈ రెండు పనులును నడచుట యాదృచ్ఛికమే కావచ్చును; కాని పక్షి ఱొమ్మును పక్షి కంటిని ప్రక్కప్రక్కన నుంచి చూచినగాని ఆ ప్రాణి దేహములోని జమాఖర్చులు మనకు బోధపడవని నా నమ్మకము.

కన్ను మిక్కిలి ఖర్చుగల యవయవము. వెలుతురును గ్రహించు కణములు, మనము ఊహించుదానికి విరుద్ధముగా, వెలుతురు పడినపుడు కంటె చీకటిలోనే హెచ్చు శక్తిని వెచ్చించును. ఏలయన, చీకటిలో వాటి పొరల ద్వారములు తెఱచియుండి లవణకణములు లోనికి ప్రవహించుచుండగా, వాటిని మరల వెలికి తోడిపోయు పని ఎడతెగక సాగవలెను. ఒక్క కాంతిరేణువు వచ్చి తాకినను ఆ మార్పును పసిగట్టగల సంసిద్ధతకై చెల్లించు మూల్యమది. ఇంత యాకలిగల పటలము చక్కెరను వాడుకొను తీరులో ఒక విచిత్రమున్నదని వార్బుర్గు 1920ల నాడే గమనించెను. పుష్కలముగా ఆమ్లజని యున్నను చక్కెరను పూర్తిగా దహింపక, సగములో విడిచి, లాక్టిక్ ఆమ్లముగా వెలికి త్రోయు స్వభావమును ఆయన పుట్టకురుపుల కణములలో కనుగొని, అది వ్యాధి లక్షణమని తలచెను. ఆరోగ్యవంతమైన కణజాలములలో అదే స్వభావమును బాహాటముగా చూపినది నేత్రపటలము. మృత్యువునకు చిహ్నమని తలచినది దృష్టికి సైతము ఆధారమై కనబడుట నాటివారికి ఎంత ఆశ్చర్యము కలిగించెనో!

ఇక ఆహారము చేరవేయుటలోని చిక్కు వేఱు. తక్కిన యవయవములలో రక్తనాళములు ఎక్కడ అవసరమైన అక్కడ అల్లుకొనిపోవచ్చును. కంటిలో అట్లు కాదు. వెన్నెముకగల ప్రాణులన్నింటి నేత్రపటలమును వెనుక ముందుగా నిర్మింపబడినదే: వెలుతురును గ్రహించు దండములును శంకువులును గోడవైపునకు తిరిగి అట్టడుగున నుండగా, వాటి వార్తలను కూడబలికి మెదడునకు పంపు నాడీకణములు వెలుతురు వచ్చు దారిలో ఎదురుగా నిలిచియుండును. కావున ఆ నాడీకణములను పోషింప వచ్చిన ప్రతి రక్తనాళమును వెలుతురునకు అడ్డుపడి తీరవలెను. మన కన్నులలో జరుగుచున్నది సరిగా ఇదియే. కంటి వైద్యుడు చీకటిగదిలో మనలను కూర్చుండబెట్టి, సన్నని కాంతిరేఖను ప్రక్కనుండి ప్రసరింపజేసి అటునిటు కదల్చునపుడు, ఎదుట శాఖోపశాఖలుగా చీలిన నల్లని గీతల యల్లిక తటాలున తోచి, చూచుచుండగనే మాయమగుటను చాలమంది యెఱుగుదురు. అవి మన నాళముల నీడలే. పందొమ్మిదవ శతాబ్ది తొలిపాదమున పుర్కిన్యె అను చెక్ శాస్త్రజ్ఞుడు దీనిని వర్ణించెను. తరువాత హైన్రిక్ ముల్లర్, దీపమును కదల్చినపుడు ఆ నీడలు ఎంత మేర జరుగుచున్నవో కొలిచి, వెలుతురును గ్రహించు పొర నాళములకు వెనుక ఎంత దూరమున నుండవలెనో లెక్కగట్టెను. ప్రాణముతోనున్న మనిషి తన కంటి నిర్మాణమును తానే కొలిచి చూపిన యా ప్రయోగమంతటి సుందరమైన పని శరీరశాస్త్రమున అరుదు. నీడలు ఎల్లవేళలను ఒకేచోట నుండుటవలన మన మెదడు వాటిని లెక్కకు రానీయదు. తదేకముగా చూచునట్టి మధ్యబిందువునందు మాత్రము నాళములే లేకుండునట్లు ప్రకృతి ఏర్పాటు చేసినది. మనిషి కంటికి ఈ సర్దుబాటు సరిపోయినది.

పక్షికి సరిపోలేదు. ఆస్ట్రేలియాలోని వెడ్జ్-టెయిల్డ్ గ్రద్ద వేరుపఱచి చూడగల సన్నని గీతలు మన చూపునకు అందువానికంటె రెండురెట్లకు పైగా సన్ననివని పరీక్షించి తేల్చియున్నారు. అట్టి చూపునకు గీతంత నీడయు బరువే. అందువలన పక్షుల నేత్రపటలమున, గ్రద్ద మొదలుకొని పిచ్చుక వఱకు, ఒక్క రక్తనాళమైనను లేదు. గినీపిగ్గువంటి కొన్ని క్షీరదములకును నేత్రపటలమున నాళములు లేవు గాని, వాటి పటలము మిల్లీమీటరులో ఏడవవంతును మించని పలుచని పొర. వెనుక నాళములతో నిండియున్న రక్తపటలమను పొరనుండి ఆమ్లజని అంతమేర ఇంకిపోగలదు, అంతకుమించి పోలేదు. పక్షి నేత్రపటలమో దానికి రెట్టింపు మందము. అంత మందపు కణజాలము, అంత యాకలిగలది, నాళము లేకుండ ఎట్లు బ్రతుకుచున్నదను ప్రశ్న మూడు శతాబ్దులుగా కంటిశాస్త్రమున నిలిచియున్నది.

ఆ మందము వృథాగా వచ్చినది కాదు. స్పెయిను దేశీయుడగు సాంటియాగో రమోన్ ఇ కహాల్, వెండిలవణముల రంగుతో నాడీకణములను ఒక్కొక్కటిగా వెలికిదీసి చూపి, నాడీమండలము ఎడతెగని వల కాదనియు, వేర్వేరు కణముల సమాజమనియు 1888లో ప్రకటించినపుడు, ఆయన చేతిలోని సాక్ష్యములు పక్షుల చిన్నమెదడునుండియు పక్షుల నేత్రపటలమునుండియు వచ్చినవే. మూడు వరుసల కణములు, వాని నడుమ కొమ్మలు కొమ్మలు పెనవేసికొన్న రెండు జాలకములు: ఈ స్థూలరూపము మనకును పక్షికిని సమానమే. కాని పక్షిలో నడిమి వరుసయు, దానికి లోపలనున్న జాలకమును ఎంతో దట్టమైనవి. మన కన్ను మెదడునకు విడిచిపెట్టిన విచారణలో చాలభాగము పక్షికన్ను తనయందే ముగించి తీర్పును మాత్రము పైకి పంపునని చెప్పవచ్చును. పై నుండి కంటికి ఆజ్ఞలను తెచ్చు నాడీతంతువులు పక్షులలో విస్తారముగా నుండుటను సైతము కహాలే గుర్తించెను.

వెలుతురును గ్రహించు వరుసను గూర్చి కొంత నిలిచి చెప్పకుండ నుండలేను. మన శంకువులు మూడు తెగలు. పక్షికి నాలుగు తెగల ఏకశంకువులును, వాటితోపాటు జంటశంకువులును, దండములును కలవు. ప్రతి శంకువు లోపలను, వెలుతురు లోనికి పోవు ఇఱుకుదారిలో, ఒక్కొక్క తైలబిందువు అమర్చబడియున్నది. ఎఱుపును గ్రహించు శంకువున మాణిక్యమువంటి ఎఱ్ఱని బిందువు, పచ్చను గ్రహించుదానిలో పసుపుపచ్చని బిందువు, నీలమునకు లేతవన్నెది, మన కంటికి అందని అతినీలలోహితమును చూచు శంకువున మాత్రము వన్నెయే లేని స్వచ్ఛబిందువు. కోడి నేత్రపటలమునుండి ఈ రంగులను విడదీసి పరిశీలించిన వారిలో జార్జి వాల్డ్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు ముఖ్యుడు; లేతవన్నె బిందువులోని పదార్థమునకు గాలోక్సాంథిన్ అను పేరు 1948లో ఆయన పెట్టినదే. పక్షి వీటిని శూన్యమునుండి సృజింపదు; తిన్న గింజలలోని పసుపు పదార్థములను తెచ్చి కంటిలో మార్చుకొనును. జీబ్రా ఫించి యను చిఱుపిట్ట ముక్కును ఎఱ్ఱబఱచు జన్యువే దాని కంటిలోని ఎఱ్ఱ బిందువును సిద్ధపఱచుచున్నదని తెలిసినపుడు, అలంకారమునకును దృష్టికిని ఒకే అద్దకపువాడు పనిచేయుచున్నాడని నాకు మహానందము కలిగినది. ఈ శంకువులు పటలమున పఱచుకొన్న తీరు సైతము అసాధారణమే. ఒక్కొక్క తెగ తనవారికి సమదూరము పాటించుచు, తక్కిన తెగలను పట్టించుకొనక, చూచుటకు చిందరవందరగా, లెక్కించి చూచిన ఎక్కడను గుంపుగాని వెలితిగాని లేకుండ సర్దుకొన్నదని కోడిపిల్లల కన్నులను పరిశీలించి భౌతికశాస్త్రజ్ఞులు సైతము 2014లో వ్రాసియున్నారు.

ఇంతటి నిర్మాణమునకు అన్నము పెట్టునది ఏది? కోడికన్ను ఒకదానిని తెఱచి చూచిన సమాధానము కంటికెదురుగనే నిలుచును. కోళ్లను కోయు దుకాణమున అప్పటికప్పుడు అడిగి తెచ్చుకొన్న తలనుండి కంటిగుడ్డును జాగ్రత్తగా విడదీసి, ఉప్పునీళ్ల పళ్లెములో నుంచి చూచితిని. ముందరి భాగము చుట్టును పలుచని ఎముక పలకలు ఒకదానిపై ఒకటి ఒఱగి వలయముగా నుండును. బ్లేడును ఆ వలయమునకు వెనుకగా దించి చుట్టును కోసినచో కన్ను రెండు చిప్పలుగా విడిపోవును. ముందరి చిప్పతో కటకము వచ్చును. వెనుక చిప్పలో చిక్కని జిగురుద్రవము. దానిని మెల్లగా వంపివేసినచో, అడుగువైపున తెల్లని గీతయొకటి, ఆ గీతమీద నిటారుగా నిలిచి లోపలికి చొచ్చుకొనివచ్చిన నల్లని ముడుతల తెర యొకటి కనబడును. కాటుకవంటి నలుపు. భూతద్దమున చూచిన, ఆ తెర నిలువుకుచ్చెళ్లుగా మడువబడి, పైయంచున అన్నియు ఒక పట్టెతో కలిపి కుట్టినట్లుండును. కోడికి అట్టి మడతలు పదునాఱు పదునెనిమిది వఱకు నుండును. దీనికి దువ్వెన యను అర్థముగల పెక్టెన్ అను లాటిను పేరు నిలిచినది. మిగిలిన చిప్పయంతయు తడిసిన ముత్యపువన్నె పొర. కుంచెతో తాకిన వెంటనే గోడనుండి జారి, ఆ తెల్లని గీతయొద్ద మాత్రము వీడక అంటిపెట్టుకొనియుండును. అదియే నేత్రపటలము. దీపమునకు ఎదురుగా పట్టి ఎంతసేపు వెదకినను దానిలో ఎఱ్ఱని చాఱ కానరాలేదు. రక్తమంతయు ఆ నల్లని తెరలోనే యున్నది. సూక్ష్మదర్శినిలో చూచినవారు ఆ ముడుతలు ఇంచుమించుగా కేశనాళికల మయమనియు, నడుమనడుమ రంగుకణములు తప్ప కండరము లేదనియు చెప్పుదురు.

ఈ దువ్వెన ఎందులకను విషయమున పుట్టినన్ని సిద్ధాంతములు ఇంకొక చిన్న యవయవమును గూర్చి పుట్టియుండవు. కంటిని వెచ్చగా నుంచుటకని కొందఱు, లోపలి యొత్తిడిని సర్దుటకని కొందఱు, సూర్యుని తళుకును అడ్డుకొనుటకని కొందఱు. దాని పండ్ల నీడ పటలముపై పడి కదలు వస్తువులను పట్టియిచ్చుటకని 1938లో మెన్నరు. 1917లో కేసీ వుడ్ అను అమెరికా నేత్రవైద్యుడు బ్రతికియున్న పక్షుల కన్నులలోనికి ఆఫ్తాల్మోస్కోపుతో చూచి, చిత్రకారునిచేత రంగులలో వ్రాయించి వెలువరించిన గ్రంథమున ఈ దువ్వెన రూపభేదములు చూడముచ్చటగా నున్నవి. పగలు చుఱుకుగా తిరుగు పక్షులలో మడతలు హెచ్చు, గుడ్లగూబవంటి వానిలో తక్కువ. ఈ ఒక్క సంగతియే, చూపు ఖర్చు పెరిగినకొలది దువ్వెన పెరుగుచున్నదనుటకు చాలును. కావున పోషణసిద్ధాంతమే క్రమముగా నిలిచినది. 1990లో పెటిగ్రూ, వాల్మన్, వైల్డ్‌సూట్ అను మువ్వురు, పక్షి చూపు ఒకచోటినుండి మఱొకచోటికి మరలించునపుడెల్ల కంటిగుడ్డు పలుమాఱు వణకుచున్నదనియు, ఆ వణకుతో దువ్వెన ఊగి తననుండి స్రవించుదానిని పటలమువైపునకు చిమ్ముచున్నదనియు చూపిరి. ఎంతటి యుక్తి! అయితే పోషణసిద్ధాంతమును నమ్మిన వీరి తలపులో, దువ్వెన తెచ్చి యిచ్చునది ముఖ్యముగా ఆమ్లజనియే. నాడీకణము ఆమ్లజని లేనిదే నిమిషములలో చచ్చునని ఎల్లరకును తెలిసినపుడు మఱొకటి తలపునకు రాదుగదా.

ఆ తలపును తలక్రిందు చేసినవారు డెన్మార్కులోని ఆర్హుస్ విశ్వవిద్యాలయమున క్రిస్టియన్ డామ్స్‌గార్డ్, ఆయన సహచరులు. మత్తులోనున్న జీబ్రా ఫించి కంటిలోనికి ఆమ్లజనిని కొలుచు అతిసూక్ష్మమైన మొనను దించి, పొరపొరకు కొలిచి చూడగా, రక్తపటలమునొద్ద సమృద్ధిగానున్న ఆమ్లజని దండశంకువుల వరుసను దాటులోపలనే హరించిపోయి, లోపలి సగమున శూన్యమై తేలినది. దువ్వెన దానిని పూరించుట లేదు. అనగా ఏ భాగమున కహాలు చిత్రించిన ఆ దట్టమైన జాలకములున్నవో, ఏ భాగము కంటి విచారణను నడుపుచున్నదో, ఆ భాగము పక్షి బ్రతికినన్నాళ్లును ఆమ్లజని యెఱుగకయే పనిచేయుచున్నది. అచ్చటి కణములలో ఏ జన్యువులు మేల్కొనియున్నవో చోటువారీగా పరిశీలించినను, చక్కెరను ఆమ్లజని లేకయే విఱుచు యంత్రాంగమే ప్రబలముగా కనబడినది. దువ్వెన కణములలో చక్కెరను చేరవేయు ప్రోటీనులును, లాక్టిక్ ఆమ్లమును తోడివేయునవియు నిండుగా నున్నవి. ఊపిరితిత్తియని తలచినది అన్నశాలయు, మురుగుకాలువయునై తేలినది.

ఇక లెక్కకు వత్తము. ఒక గ్లూకోజు అణువును ఆమ్లజనితో తుదివఱకు దహించినచో కణము శక్తిని నాణెములవలె వెచ్చించు ఏటీపీ అణువులు సుమారు 30 చేకూరును. ఆమ్లజని లేక సగములో విడిచినచో 2 మాత్రమే. ఒకే పనికి పదునైదురెట్ల చక్కెర! ఇది కట్టెను సగము కాల్చి బొగ్గుచేసి, ఆ స్వల్పమైన వేడితోనే వంట ముగించుకొని, బొగ్గును వీధిలో పోయుటవంటిది. పాఠ్యపుస్తకములు ఈ పద్ధతిని ప్రాచీనమనియు, లోకమున ఆమ్లజని లేని నాటి జీవుల అవశేషమనియు కొంత చిన్నచూపుతో చెప్పును. పరుగెత్తి అలసిన కండ గతిలేక ఆశ్రయించునదని చెప్పును. కాని ఇచ్చట దానిని ఆశ్రయించినది గతిలేని కణజాలము కాదు, ఆ ప్రాణి దేహమున మిక్కిలి నాజూకైన నాడీకణజాలము. రక్తమున చక్కెరకు కొఱతయు లేదు. ఆరోగ్యవంతుడగు మనిషికి పరగడుపున డెసిలీటరుకు నూఱు మిల్లీగ్రాములలోపుండు రక్తగ్లూకోజు పక్షులకు రెండు వందలు దాటి యుండుట సామాన్యము. మనలో అంత యున్నచో షుగరు జబ్బని మందిత్తురు, ఆ జబ్బు ముదిరినచో నేత్రపటలపు నాళములే చిట్లి చూపు చెడును. పక్షికి ఆ చక్కెరయు నిత్యమే, చిట్లుటకు అచ్చట నాళములును లేవు.

ఆ విడిచిన బొగ్గు మాత్రము వీధిపాలగుట లేదు. రక్తమున కలిసిన లాక్టిక్ ఆమ్లమును గుండె దహించుకొనును, కాలేయము మరల చక్కెరగా మలచును, ఆమ్లజని పుష్కలముగాగల కండలును వాడుకొనును. కంటి లోపలి సగమును మాత్రమే లెక్కగట్టి చూచిన అది వట్టి దుబారా. పక్షినంతటిని ఒక కుటుంబముగా చూచిన, వెలుతురు దారికి అడ్డు రాని చోట, గాలి ధారాళముగానున్న చోట, మిగిలిన దహనము పూర్తియగుచున్నది. పొదుపును అవయవమునకు అవయవముగా లెక్కించుట మన పొరపాటు. మన లెక్కలు తఱచుగా ఏటీపీని ఏటీపీతోనే కొలుచును గాని, అడ్డములేని చూపునకు, గ్రద్ద ఆకాశమునుండి గడ్డిలోని ఎలుక కదలికను పట్టు ఆ స్పష్టతకు, ఎన్ని ఏటీపీలు విలువకట్టవలెనో చెప్పవు. పక్షి ఆ విలువ కట్టినది. ఎంత చక్కెర అయినను సరే, దారిలో ఎఱ్ఱని గీత ఉండరాదని. దండశంకువులకు రక్తపటలమునొద్ద ఆమ్లజని ఉన్నది గనుక అవి దానిని పూర్తిగా వాడుకొనుచున్నవి. లోపలి వారికి లేదు గనుక వారు వేఱు దారి పట్టిరి. ఒకే పటలమున రెండు జీవితవిధానములు కాగితమంత దూరములో కాపురముండుటను తలచినప్పుడెల్ల నాకు ఆ చిన్న పొరపై గౌరవము రెట్టింపగుచున్నది.

దీనివలన ఒక లాభము కలుగునని నా ఊహ. నెత్తిన రెండు నల్లని పట్టెలుగల పెద్దబాతులు మంగోలియా, టిబెట్టు ప్రాంతములనుండి హిమాలయమును దాటి చలికాలమునకు మన దక్షిణదేశపు చెఱువులకు వచ్చుచుండును. వాటిలో కొన్ని 7 వేల మీటర్లకు పైబడిన ఎత్తున ఎగిరినట్లు పరికరములు కట్టి కనుగొన్నారు. అంత ఎత్తున ఆమ్లజని సముద్రతీరమున నున్నదానిలో సగమైనను లేదు. పర్వతారోహకులలో కొందఱికి అచ్చట నేత్రపటలమున రక్తపు చాఱలు కనబడుట వైద్యులు ఎఱిగినదే. ఆమ్లజనితో నిమిత్తము లేని లోపలి సగమునకు ఆ కొఱత సోకదుగదా. ఱొమ్ముకండ ఎంత యాతనపడినను, చూపును విచారించు భాగము మైదానమున నున్నట్లే పనిచేయగలదు.

ఇక మనుష్యులకు సంబంధించినది. కంటి మధ్యధమని మూసుకొన్న వానికి చూపు ఒక్కసారిగా పోవుటను, మెదడులో నాళము పూడినవానికి పక్షవాతము వచ్చుటను మనము ఆమ్లజని అందకపోవుట యని ఒక్క మాటలో చెప్పివైతుము. కాని రక్తము ఆగినపుడు ఆగునవి మూడు: ఆమ్లజని రాక, చక్కెర రాక, ఆమ్లపు పోక. పక్షికంటిలో మొదటిది ఎన్నడును లేదు. తక్కిన రెండును దువ్వెన నిరంతరాయముగా జరుపుచున్నది, కణములు హాయిగా బ్రతుకుచున్నవి. అయినచో మన కణముల మృత్యువులో మొదటిదాని వంతెంత, మూడవదాని వంతెంత? ఈ దారిని పోయి పక్షవాతపు చికిత్సకు ఏదైనను దొరకునాయని ఆ పరిశోధకులును ఆశించుచున్నారు. పక్షి నాడీకణము స్వభావముచేతనే మనదానికంటె గట్టిదా, లేక దానికి అందు సేవలే దానిని గట్టిగా నిలుపుచున్నవా యనుట ముందుగా తేలవలసిన విషయము. రెండవదే నిజమైనచో, ఆమ్లజనిని అందించు ప్రయత్నముతోపాటు ఆమ్లమును తోడివేయు ఉపాయమునకును వైద్యులు అంతటి శ్రద్ధ చూపవలెనని నా యభిప్రాయము.